జనం పెరిగారు, పార్కు పెరగలేదు: హైదరాబాద్‌లో ఈ లెక్క ఎవరు చూస్తున్నారు?

నిజాంపేట_నీలిమ

మా కాలనీ ప్లాట్లు వేసి ఇరవై ఏళ్లు దాటింది. అప్పుడు వదిలిన పార్కు ఒక్కటే, ఇప్పటికీ అదే ఉంది. ఆరు వందల గజాలుంటుందేమో. మేం వచ్చినప్పుడు చుట్టూ సగం ఖాళీ ప్లాట్లు, మిగతావి ఇండిపెండెంట్ ఇళ్లు. ఇప్పుడు ఏ గల్లీలో చూసినా స్టిల్ట్ మీద నాలుగంతస్తులో ఐదంతస్తులో లేచాయి.

సాయంత్రం ఆరింటికి ఆ పార్కులో కాలు పెట్టే చోటుండదు. ఉన్న రెండు ఉయ్యాలల దగ్గర పిల్లలు లైన్ కడతారు. ట్రాక్ మీద పెద్దవాళ్లు ఒకరి వెనక ఒకరు నడుస్తుంటారు. ఈమధ్య అసోసియేషన్ వాళ్లు "బంతి ఆటలు ఆడరాదు" అని బోర్డు పెట్టారు. వాళ్లను తప్పుపట్టలేను, మా అత్తగారికే ఓసారి బంతి వచ్చి తగిలింది. మరి పదేళ్ల పిల్లాడు ఎక్కడ ఆడాలి? సెల్లార్‌లో కార్ల మధ్య ఆడుతున్నారు. డ్రైవర్లు రివర్స్ తీసేటప్పుడల్లా నాకు టెన్షన్.

ఇక్కడ తెలిసినవాళ్లు ఉంటారని అడుగుతున్నాను. జనాభా పెరిగితే దానికి తగ్గట్టు పార్కులు పెంచాలని మన దగ్గర రూలు ఏమైనా ఉందా? కొత్త అపార్ట్‌మెంటు కడితే నీళ్ల కనెక్షన్‌కి లెక్క చూస్తారు, కరెంటుకి ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుందా అని చూస్తారు. పార్కు సరిపోతుందా అని చూసేవాళ్లు ఎవరు?

లేఅవుట్_మాస్టారు

నీలిమ గారూ, టౌన్ ప్లానింగ్‌లో పనిచేసి రిటైరయినవాణ్ణి. సూటిగా చెబుతాను, అలా చూసేవాళ్లు ఎవరూ లేరు. మన రూలు భూమిని లెక్కపెడుతుంది, మనుషుల్ని లెక్కపెట్టదు.

లేఅవుట్ వేస్తే పది శాతం ఓపెన్ స్పేస్ వదలాలి. ఇది అందరికీ తెలిసిందే. ఆ పది శాతం జనానికి ఎంత వస్తుందో ఒక ఉదాహరణతో చూడండి. పదెకరాల లేఅవుట్ అనుకుందాం. ఒక ఎకరం పార్కు, మూడు ఎకరాలు రోడ్లు, మిగిలిన ఆరెకరాల్లో రెండు వందల గజాల ప్లాట్లు. సుమారు 145 ప్లాట్లు పడతాయి. ఇంటికి నలుగురు చొప్పున 580 మంది. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు, కాబట్టి మనిషికి దాదాపు 7 చదరపు మీటర్లు. ఫర్వాలేదు, ఆ రోజుల్లో సరిపోయింది.

అదే లేఅవుట్‌లో ఒక్కో ప్లాటులో ఐదు పోర్షన్లు లేచాయనుకోండి. జనం 2,900 అయ్యారు. పార్కు అదే ఎకరం. మనిషికి 1.4 చదరపు మీటర్లు. ఇక పదెకరాల్లో 1,500 ఫ్లాట్ల టవర్లు కట్టి, రూలు ప్రకారమే పది శాతం వదిలారనుకోండి. ఆరు వేల మందికి అదే ఎకరం. మనిషికి 0.67. ఎక్కడా ఉల్లంఘన లేదు, అన్ని పర్మిషన్లూ సరిగ్గానే ఉన్నాయి. అయినా తలకు వచ్చే చోటు పదో వంతుకు పడిపోయింది.

దీని వెనక ఇంకో సంగతి ఉంది. 2006లో జీవో 86తో హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి తీసేశారు. స్థలంలో ఎంత విస్తీర్ణం కట్టొచ్చో దానికి పైకప్పు లేదు. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాకులు, ఎత్తు, వీటితోనే నడుస్తుంది. దానివల్ల నగరం పైకి పెరిగింది, ఇళ్లు దొరికాయి, దాన్ని నేను తప్పనను. అయితే నిర్మాణానికి పైకప్పు తీసినప్పుడే పార్కు లెక్కను భూమి నుంచి మనుషులకు మార్చి ఉండాల్సింది. ఆ పని జరగలేదు.

కోకాపేట_కొత్తిల్లు

మా గేటెడ్ కమ్యూనిటీలో క్లబ్‌హౌస్, పోడియం గార్డెన్, పిల్లల ప్లే ఏరియా అన్నీ ఉన్నాయి. మెయింటెనెన్స్ కట్టి మేమే చూసుకుంటున్నాం. ప్రభుత్వం మీద భారం లేదు కదా. బయట కాలనీల సమస్యకి టవర్ల పద్ధతే నయం అనిపిస్తుంది నాకు.

నిజాంపేట_నీలిమ

మీ గార్డెన్‌లోకి పక్క గల్లీ పిల్లలు రావచ్చా అండీ?

కోకాపేట_కొత్తిల్లు

రాలేరు. సెక్యూరిటీ ఒప్పుకోదు. మీరడిగింది అర్థమైంది.

చెన్నై_గోంగూర

ఇక్కడ చెన్నైలో పద్ధతి కొంచెం వేరు. ఓఎస్‌ఆర్ (ఓపెన్ స్పేస్ రిజర్వేషన్) అంటారు. స్థలం 10,000 చదరపు మీటర్లు దాటితే పది శాతం తప్పనిసరిగా వదలాలి, వదిలి గిఫ్ట్ డీడ్‌తో స్థానిక సంస్థకు రాసివ్వాలి. దానికి బయటి రోడ్డు నుంచి దారి ఉండాలి. అంటే అపార్ట్‌మెంటు కాంపౌండు గోడకు అవతల ఉంటుంది ఆ పార్కు. 3,000 నుంచి 10,000 మధ్య ఉంటే స్థలం బదులు దాని గైడ్‌లైన్ విలువ (ప్రభుత్వం నిర్ణయించిన ధర) కట్టే వెసులుబాటు ఉంది. 3,000 లోపు అయితే ఏమీ లేదు.

మేముండే చోట ఇలా వచ్చిన పార్కులో మా బిల్డింగ్ పిల్లలు, వెనక వీధి పిల్లలు కలిసే ఆడతారు. అన్ని చోట్లా ఇంత బాగా ఉందనను. కొన్ని ఓఎస్‌ఆర్ స్థలాలకు తాళాలు వేసి ఉంటాయి, కొన్నిట్లో పార్కింగ్ నడుస్తోంది. కానీ కాగితం మీద అది ఊరి ఆస్తి, అడిగే హక్కు మనకుంటుంది. హైదరాబాద్ టవర్లలో ఆ పది శాతం లోపలే ఉండిపోతోంది. మాస్టారు లెక్కలో 0.67 అన్నది కూడా లోపలివాళ్లకే, బయటివాళ్లకు సున్నా.

పటాలపిచ్చి

జీఐఎస్ (కంప్యూటర్ పటాల) పని చేస్తాను కాబట్టి ఒక మాట. నగరం మొత్తానికి సగటు తీస్తే మోసపోతాం. వనస్థలిపురం దగ్గరి మహావీర్ హరిణ వనస్థలి మూడున్నర వేల ఎకరాల పైనే. దాన్ని కోటి మందికి పంచితే ఒక్క దానితోనే మనిషికి ఒకటిన్నర చదరపు మీటర్లు వచ్చేస్తాయి. నిజాంపేట పిల్లాడు సాయంత్రం అక్కడికి వెళ్లి ఆడుకుంటాడా? కేబీఆర్ పార్కు 1998 నుంచి నేషనల్ పార్కు. చుట్టూ నడిచేవాళ్లకు స్వర్గం, కానీ అందులో క్రికెట్ ఆడనివ్వరు, ఆడకూడదు కూడా. 2022లో హైదరాబాద్‌కు వరల్డ్ గ్రీన్ సిటీ అవార్డు వచ్చింది, 158 కిలోమీటర్ల ఓఆర్‌ఆర్ వెంబడి పెంచిన పచ్చదనానికి. అదీ మంచి పనే. అవి దుమ్మును ఆపుతాయి, చల్లగా ఉంచుతాయి. కానీ ఎక్స్‌ప్రెస్‌వే పక్క చెట్ల మధ్యకి ఎవరూ పిల్లల్ని తీసుకెళ్లరు.

అందుకే పచ్చదనం వేరు, పార్కు వేరు అని విడివిడిగా లెక్కపెట్టాలి. పార్కుకి సరైన కొలత ఇంటి నుంచి నడక దూరం. నెదర్లాండ్స్‌కు చెందిన సిసిల్ కోనైనెండైక్ 2021లో 3-30-300 అని ఒక సూత్రం చెప్పాడు. ప్రతి ఇంటి నుంచి మూడు చెట్లు కనబడాలి, పేటలో 30 శాతం చెట్ల నీడ ఉండాలి, 300 మీటర్ల లోపు పార్కు ఉండాలి. సింగపూర్ అయితే 2030కల్లా ప్రతి ఇంటికీ పది నిమిషాల నడకలో పార్కు అని లక్ష్యం పెట్టుకుంది.

మ్యాప్ మీద పార్కు చుట్టూ 300 మీటర్ల వృత్తం గీసేసి అందరికీ అందుతుందని చెబితే నమ్మకండి. మధ్యలో నాలా ఉంటే, డివైడర్‌కి గ్యాప్ లేకపోతే, పార్కు గేటు అవతలి వైపు ఉంటే ఆ 300 కాస్తా కిలోమీటరు అవుతుంది. దారి వెంబడి కొలవాలి. చాలా చోట్ల కొత్త పార్కు అక్కర్లేదు, రెండో గేటు పెడితే చాలు, వందల ఇళ్లు దగ్గరవుతాయి.

ఫ్రీమాంట్_తెలుగు

కాలిఫోర్నియాలో ఉంటాను. ఇక్కడ క్వింబీ యాక్ట్ అని ఒకటుంది. మాస్టారు చెప్పిన లోపానికి అచ్చంగా ఇదే మందు. స్థలాన్ని విభజించి ఇళ్లు కట్టేటప్పుడు ఎన్ని ఇళ్లు, ఇంటికి సగటున ఎంతమంది అని లెక్కేసి, వెయ్యి మందికి మూడెకరాల చొప్పున పార్కు స్థలం ఇవ్వమని ఊరు అడగొచ్చు. ఊళ్లో ఇప్పటికే అంతకన్నా ఎక్కువ నిష్పత్తి ఉంటే ఐదెకరాల దాకా అడగొచ్చు. స్థలం ఇవ్వలేకపోతే డబ్బు కట్టాలి.

నాకు బాగా నచ్చింది డబ్బు మీద పెట్టిన షరతు. ఆ ఫీజుని ఐదేళ్లలోపు ఫలానా పార్కుకని కేటాయించాలి. కేటాయించకపోతే అక్కడి ఇళ్ల ఓనర్లకు తిరిగి ఇచ్చేయాలి. రోజువారీ మెయింటెనెన్స్‌కి వాడకూడదు. కొత్త పార్కుకో, ఉన్నదాన్ని బాగుచేయడానికో మాత్రమే వాడాలి.

సైట్‌ఇంజినీర్88

అన్నా, వెయ్యికి మూడెకరాలు అంటే మనిషికి 12 చదరపు మీటర్లు. మాస్టారు చెప్పిన టవర్‌కి వేసి చూడండి. ఆరు వేల మందికి దాదాపు 18 ఎకరాలు కావాలి. సైటే పదెకరాలు! 2023 వేలంలో కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటింది. ఆ ధరకి 18 ఎకరాలంటే 1,800 కోట్లు, 1,500 ఫ్లాట్ల మీద పంచితే ఫ్లాటుకి కోటీ ఇరవై లక్షలు. బిల్డర్ జేబులోంచి పెట్టడు, కొనేవాడి మీదే పడుతుంది. నేను బిల్డర్ల తరఫున మాట్లాడటం లేదు. సైట్లో చూస్తున్నది చెబుతున్నా. అమెరికా నంబరు ఇక్కడ పెడితే ఒక్క ప్రాజెక్టూ లేవదు. లేదా రూలు కాగితం మీదే ఉండిపోతుంది.

ఇంకోటి కూడా చెప్పాలి. 2012 జీవో 168లో చెరువు బఫర్‌ను (గట్టు చుట్టూ ఖాళీగా వదలాల్సిన స్థలాన్ని) ఆర్గనైజ్డ్ ఓపెన్ స్పేస్ కింద, అంటే ఆ పది శాతం కింద, లెక్కేసుకునే వీలు ఉంది. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకి ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు బఫర్ వదలాలి. ఎలాగూ కట్టకూడని ఆ స్థలాన్నే పార్కుగా చూపిస్తే పది శాతంలో ఎంత మిగులుతుందో ఆలోచించండి.

లేఅవుట్_మాస్టారు

ఇంజినీర్ బాబు చెప్పిన లెక్క సరైనదే. అందుకే 12 అడగొద్దు. కేంద్రం 2014లో పట్టణ ప్రణాళికల కోసం ఇచ్చిన యూఆర్‌డీపీఎఫ్‌ఐ మార్గదర్శకాల్లో మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్లు అని ఉంటుంది. కోటి మందికి 10 అంటే వంద చదరపు కిలోమీటర్లు, అంటే పాత జీహెచ్‌ఎంసీ 650 చదరపు కిలోమీటర్లలో ఆరో వంతు కన్నా కొంచెం తక్కువ. కొత్త ప్రాంతాల్లో సాధ్యం, నిండిపోయిన పేటల్లో కాదు.

ఢిల్లీ మాస్టర్ ప్లాన్ 2021 చూడండి. అక్కడ ఒక మెట్ల వరస ఉంది. ఐదు వేల జనాభాకి అర హెక్టారు పార్కు, పది వేలకి ఒక హెక్టారు, లక్షకి ఐదు హెక్టార్లు, ఐదు లక్షలకి పాతిక హెక్టార్లు, పది లక్షలకి వంద హెక్టార్లు. పక్కింటి పార్కు నుంచి మహా పార్కు దాకా ప్రతి మెట్టుకీ జనాభానే కొలమానం. ఢిల్లీలో అంతా అమలైందని కాదు. కానీ ఒక వార్డుకి వెళ్లి "ఇక్కడ ఎనభై వేల మంది ఉన్నారు, ఇన్ని పార్కులు తక్కువయ్యాయి" అని చెప్పడానికి ఒక కొలబద్ద దొరుకుతుంది. మనకి అదే లేదు.

డబ్బు లేదనడానికి లేదు. ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) గుర్తుందా? పర్మిషన్ లేని లేఅవుట్‌లో పది శాతం ఓపెన్ స్పేస్ వదలకపోతే, ప్లాటు క్రమబద్ధం చేసేటప్పుడు ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీ కట్టించుకుంటారు. పార్కు లేనందుకు జనం కట్టిన డబ్బు అది. దాన్ని ఆ వార్డులోనే, ఇన్నేళ్లలోపు, పార్కు స్థలానికే ఖర్చుపెట్టాలని ఫ్రీమాంట్ తమ్ముడు చెప్పినట్టు ఒక షరతు ఉంటే చాలు. నా సర్వీసంతా చూశాను, పేరు విడిగా ఉన్నా ఖాతా కలిస్తే ఆ డబ్బు రోడ్లలోనో డ్రైన్లలోనో కలిసిపోతుంది.

చెరువుగట్టు

స్థలం ఎక్కడ అంటారా? చెరువుల దగ్గర. బఫర్‌ను బిల్డర్ లెక్కలోంచి తీసేసి, నగరం లెక్కలో వేయాలి. గట్టు మీద నడక దారి, దిగువన పిల్లలకి మట్టి నేల. ఈ నగరానికి గొలుసుకట్టు చెరువులు ఉన్నాయి, ఒకదాని అలుగు నుంచి ఇంకోదానికి నాలాలు ఉన్నాయి. ఆ నాలా పక్కన ఇరువైపులా పది అడుగులు దొరికినా కాలనీ నుంచి కాలనీకి నడిచి వెళ్లొచ్చు. సింగపూర్‌లో పార్కుల్ని కలిపే దారులు చాలా వరకు కాలవల పక్కనే వేశారు. అంబర్‌పేటలో పూడిపోయిన బతుకమ్మ కుంటను 2025లో తవ్వి మళ్లీ నీళ్లు నింపారు. అంత ఇరుకు పేటలో అది సాధ్యమైతే ఇంకో చోట ఎందుకు కాదు?

ఒక్క మనవి. చెరువు పార్కు అంటే గట్టు చుట్టూ సిమెంటు, టైల్స్, రంగు లైట్లు, ఫుడ్ కోర్టు అనుకోవద్దు. నీళ్లు ఇంకాలి, పక్షులు రావాలి.

బడిగంట

ప్రభుత్వ పాఠశాలలో పనిచేస్తున్నాను. ఈ చర్చలో బడి ఆటస్థలాల మాట ఇంకా రాలేదు కాబట్టి నేనే చెబుతున్నా. న్యూయార్క్‌లో 2007 ప్లాన్‌లో బడి గ్రౌండ్లను సాయంత్రాలు, సెలవుల్లో పేట పిల్లలకు తెరిచే కార్యక్రమం పెట్టారు. స్థలం కొనే ఖర్చు లేదు. వినడానికి చాలా బాగుంటుంది. నాకూ ఇష్టమే.

కానీ మా అనుభవం వినండి. ఒక ఏడాది గేటు తెరిచి ఉంచాం. పిల్లలు ఆరున్నరకి వెళ్లిపోయేవాళ్లు, తర్వాత వేరేవాళ్లు వచ్చేవాళ్లు. పొద్దున ప్రార్థనకి ముందు టీచర్లం, పిల్లలం కలిసి సీసా పెంకులు ఏరేవాళ్లం. ఒక అమ్మాయి కాలికి గుచ్చుకుంది. ఆ రోజే హెడ్‌మాస్టారు తాళం వేయించారు. వాచ్‌మన్ జీతం, లైట్లు, ఉదయం ఊడ్చే మనిషి, ఈ మూడూ మున్సిపాలిటీ భరిస్తానని రాసిస్తే మేం మళ్లీ తెరుస్తాం. అవి లేకుండా "బడులు తెరవండి" అంటే భారం పిల్లల మీదే పడుతుంది.

విశాఖ_కెరటం

మా దగ్గర పాత సెంట్రల్ జైలు ఊరి మధ్య నుంచి అడవివరం వెళ్లిపోయాక, ఆ స్థలాన్ని పార్కు చేశారు. ఆర్టీసీ కాంప్లెక్సుకి నడిచి వచ్చేంత దగ్గర. ఊరు నడిబొడ్డున అంత స్థలం మళ్లీ దొరికే పని కాదు. సంస్థలు ఊరి బయటికి కదిలేటప్పుడే పార్కుకి అడగాలి, ఒకసారి వేలానికి వెళ్లిపోతే ఇక లేదు.

లేఅవుట్_మాస్టారు

అవునమ్మా. హైదరాబాద్‌లో ముషీరాబాద్ జైలు స్థలంలో గాంధీ ఆస్పత్రి వచ్చింది, అదీ ఊరికి కావలసిందే. కాబట్టి ప్రతిదీ పార్కే అవ్వాలని కాదు. అమ్మే ముందు ఆ చుట్టుపక్కల జనానికి పార్కు ఎంత తక్కువగా ఉందో చూడాలి, అంతే నేననేది. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చిందంటే, ముందే ఒక లెక్క, ఒక పటం లేకపోవడమే కారణం అని నా అభిప్రాయం.

బోడుప్పల్_బాబాయ్

కొత్త పార్కుల సంగతి సరే, ఉన్నవి నిలబెట్టుకోండి ముందు. మా కాలనీ పార్కు ఒక పొద్దున రేకులు కట్టేసి కనిపించింది. ఎవరో ఆ బిట్టును ప్లాటు నంబరు వేసి రిజిస్ట్రేషన్ చేయించుకున్నారు. మేం ఏం చేశామంటే, పంచాయతీ నాటి లేఅవుట్ కాపీ సంపాదించాం. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీశాం, పార్కును పంచాయతీకి రాసిచ్చిన గిఫ్ట్ డీడ్ ఎప్పుడో అయి ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి ఫిర్యాదు చేశాం. హైడ్రా (కబ్జాలు తొలగించే ప్రభుత్వ సంస్థ) ప్రజావాణికీ వెళ్లాం. రేకులు తీశారు. తర్వాత ఆ బిట్టును రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ నిషేధిత జాబితాలో చేర్చమని కమిషనర్‌కి అర్జీ పెట్టాం. ఇది అందరూ చేయండి. కబ్జా జరిగాక కాదు, ఈ నెలలోనే చేయండి.

2025 చివర్లో శివారు మున్సిపాలిటీలు 27 జీహెచ్‌ఎంసీలో కలిశాయి. ఆఫీసులు మారినప్పుడల్లా పాత పంచాయతీ ఫైళ్లు ఎక్కడికో పోతాయి. ఒక కాపీ మన దగ్గర ఉండాలి.

కోర్టు సంగతికి వస్తే, బెంగళూరులో పార్కుకని ఉంచిన స్థలాన్ని ఒక ట్రస్టుకి ఆస్పత్రి కోసం ఇస్తే, సుప్రీంకోర్టు 1991లో చెల్లదంది. బి.ఎస్. ముద్దప్ప కేసు. ఆస్పత్రి కూడా మంచిదే కదా అనే వాదన అక్కడ నిలబడలేదు. అర్జీలో ఈ పేరు రాయండి.

పటాలపిచ్చి

బాబాయ్ గారి మాటకి తోడు. 2027 జనగణన వస్తోంది. 2011 తర్వాత ఇదే. వార్డుల వారీ జనాభా బయటికొచ్చేసరికి మన దగ్గర పార్కుల పటం సిద్ధంగా ఉంటే, ఏ వార్డులో తలకు ఎంతుందో ఒక్క రోజులో తేలిపోతుంది. కాలనీ పార్కు గేట్ల లొకేషన్, విస్తీర్ణం, తెరిచే వేళలు ఇక్కడ పోస్టు చేయండి, పటంలో పెడతాను. వేళలు తప్పకుండా రాయండి. మధ్యాహ్నమంతా మూసి ఉంచే పార్కులు చాలా ఉన్నాయి, సెలవుల్లో పిల్లలకి అవి లేనట్టే.

సైట్‌ఇంజినీర్88

నా వంతుగా ఒకటి చెబుతా. టవర్ల పది శాతంలో సగమైనా రోడ్డు వైపు పెట్టి, బయటి గేటుతో మున్సిపాలిటీకి ఇస్తే, దానికి బదులు టీడీఆర్ (ఇంకో చోట అదనంగా కట్టుకునే, లేదా అమ్ముకునే హక్కు) ఇస్తామంటే బిల్డర్లు ఒప్పుకుంటారు. రోడ్ల వెడల్పుకి టీడీఆర్ తీసుకోవడం వాళ్లకి అలవాటే. డిజైన్ దశలో పెడితే ఖర్చు పెద్దగా తేడా రాదు. బిల్డింగ్ లేచాక మాత్రం ఎవరూ కదలరు.

కోకాపేట_కొత్తిల్లు

మా పక్కన ఇంకో ఫేజ్ రాబోతోంది. అసోసియేషన్‌లో ఈ మాట పెడతాను. బయటి గేటు పార్కు అంటే కొంతమంది భద్రత అంటారు. కానీ మా ఇంటికి పనికి వచ్చే ఆవిడ పిల్లాడు రోజూ సెక్యూరిటీ రూమ్ పక్కన కూర్చుని ఎదురు చూస్తాడు. వాడికి ఆ పార్కు అందాలని చెబుతాను.

నిజాంపేట_నీలిమ

అందరికీ థాంక్స్. నిన్న మా అసోసియేషన్ సెక్రటరీ గారి బీరువాలో పాత లేఅవుట్ జిరాక్సు దొరికింది. పార్కు అని రాసిన బిట్టు ఒకటి కాదు, రెండున్నాయి! రెండోది నీళ్ల ట్యాంకు వెనక, మేమంతా ఎవరిదో ప్రైవేటు ప్లాటు అనుకుంటున్న చోటు. ఇప్పుడు అందులో ఇసుక, కంకర కుప్పలు పోసి ఉన్నాయి. మూడు వందల గజాలైనా ఉంటుంది. బంతి ఆటలకి అది చాలు. మాస్టారూ, ఆ జిరాక్సు మీద స్కేలుతో కొలిచి విస్తీర్ణం రాసి అర్జీ పెట్టొచ్చా?

లేఅవుట్_మాస్టారు

స్కేలుతో కొలవకండమ్మా. జిరాక్సులో సైజు మారిపోతుంది. బిట్టు నాలుగు వైపులా అడుగులు రాసి ఉంటాయి, అవే తీసుకోండి. లేఅవుట్ మీద ఎల్‌పీ (లేఅవుట్ పర్మిట్) నంబరు, సర్వే నంబరు ఉన్న మూల ఫోటో తీసి పెట్టండి, అది హుడా (ఇప్పటి హెచ్‌ఎండీఏ) అప్రూవలా పంచాయతీదా నేను చూసి చెబుతాను. అర్జీలో రెండు బిట్లూ రాయండి, ఒకటే రాయొద్దు. ఈసీ మాత్రం రెండో బిట్టుకి రేపే అప్లై చేయండి.